దాగుడుమూతల డిక్టేషన్

ఒక మాటను ఒక్కసారే చెప్పి ఊరుకోవడం మంచితనమా, జంకా? పన్నెండేళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. పోయిన సోమవారం పొద్దున మా అమ్మాయి ఫోన్ చూసి, "అమ్మా, మా టీచర్ చనిపోయిన్రట" అంది. ఇక అడగడానికి మనిషి లేదని మొదట తోచింది. ఏడుపు తర్వాత వచ్చింది.

చిక్కడపల్లిలో ఒక చిన్న బడిలో ఆమె మా అమ్మాయికి రెండో తరగతి టీచర్. ఏటా జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజుల్లోనే పిల్లల వినికిడీ చేతిరాతా చూసేవారు. అది పరీక్షని పిల్లలకు తెలిసేది కాదు. హాజరు పట్టీ నోటికి అడ్డం పెట్టుకుని, బెంచీల మధ్య తిరుగుతూ మెల్లగా పదాలు చెప్పేవారు. దాని పేరు దాగుడుమూతల డిక్టేషన్. మధ్యలో ఎవరి పెన్సిలో చూసి, "తోక పట్టుకున్నట్టు పట్టుకున్నవేందిరా, అదేమన్న ఎలుకనా?" అంటే క్లాసంతా నవ్వేది.

మా అమ్మాయి రెండో తరగతికి వచ్చిన వారంలోనే నన్ను పిలిచి, దాని నోటుబుక్కు ముందు పెట్టారు. తలకట్టు ఒక్కటీ వంకర లేదు. కానీ పట్టీ అడ్డం లేకుండా 'మామ' అని చెబితే 'పాప' అని ఉంది. 'బడి' అంటే 'మడి'. తర్వాతి పేజీలో, పట్టీ అడ్డం పెట్టి చెప్పిన పది పదాలకూ వరుస అంకెలు మాత్రమే ఉన్నాయి.

"ప, బ, మ... మూడింటికీ పెదవులు ఒక్క తీరుగనే మూసుకుంటయి తల్లీ. బిడ్డ చెవితోని రాస్తలేదు, కంటితోని రాస్తుంది. చేతిరాతకేం, బంగారమే. జర చెవులు చూపియ్యి."

"నా బిడ్డకు చెవుడా? నేను ఎమ్మే చదివిన, టీచర్. పరధ్యానం ఏందో, చెవుడు ఏందో నాకు తెల్వదా?"

ఆమె నోటుబుక్కు మూసి, "సరే తల్లీ" అన్నారు. అంతే.

ఆ తర్వాత ఏడాదంతా ఆ ఊసెత్తలేదు. నారాయణగూడ మార్కెట్‌లో ఎదురుపడితే నేనే ముఖం తిప్పుకునేదాన్ని. "అలిగితే అలిగినవ్ గని, ఆ బీరకాయలు తీసుకోకు, ముదిరినయి" అనేవారు. క్లాసులో మాత్రం మా అమ్మాయిని మొదటి బెంచీకి మార్చారు. బోర్డు మీద రాస్తూ మాట్లాడటం మానేశారు. రాయడం, ఆగడం, పిల్లల వైపు తిరగడం, అప్పుడు చెప్పడం. ఇదంతా నాకు చాలా తర్వాత తెలిసింది.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, ఎందుకో మనసాగక, అన్నం ప్లేటు నోటికి అడ్డం పెట్టుకుని, "ఐస్‌క్రీం తింటవా?" అని అడిగాను. అది ఇష్టంగా తినే పిల్ల.

"ప్లేట్ తియ్యమ్మా. నువ్వేమంటున్నవో కనిపిస్తలేదు."

హిమాయత్‌నగర్‌లో చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి, రెండు చెవులకూ మెషిన్లు కావాలన్నారు. "ఒక ఏడాది ముందొస్తే ఇంకా బాగుండేది" అని కూడా అన్నారు. నేను అక్కడి నుంచి నేరుగా అశోక్‌నగర్‌లో టీచర్ ఇంటికి వెళ్లాను. క్షమాపణ అడగాల్సింది. గొడవ పెట్టుకున్నాను.

"ఇంకోసారి ఎందుకు చెప్పలె టీచర్?"

ఆమె నన్ను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, నేను తాగేదాకా ఆగారు. "చెప్తే బడి మారుస్తవేమోనని భయపడ్డ. కొత్త బడిల బిడ్డ వెనక బెంచీల కూసుంటది. ఆడ ఎవరికి తెలుస్తది? నా దగ్గరుంటే సగమన్న అందుతదనుకున్న. తప్పయితే తప్పే."

ఆమె మొదట చెప్పిన నెలకే, కిందటి జూలైలో, కవాడిగూడలో ఇంకో బడికి వెళ్లి సీటుందా అని అడిగి వచ్చానన్న సంగతి ఆమెకు చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

ఇప్పుడు డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఆ ఏడాది వృథా అయిందంటే ఒప్పుకోదు. "నాకు మంచిగ అర్థమైన మొదటి క్లాసు అదే" అంటుంది.

సోమవారం ఇద్దరం టీచర్ ఇంటికి వెళ్లాం. గల్లీలో పోటీ పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలు పుస్తకాలు పట్టుకుని పక్కకు తప్పుకుని నిలబడ్డారు. డప్పులు మొదలయ్యాయి. ఆ చప్పుడు భరించలేక మా అమ్మాయి మెషిన్లు రెండూ తీసి గుప్పిట్లో పెట్టుకుంది. రెండో చెయ్యి టీచర్ పాదాల మీద ఉంచి, పాడె లేపేదాకా అలాగే కూర్చుంది.

ఆమె ఇంకోసారి చెప్పి ఉంటే నేను వినేదాన్నో, బిడ్డను ఆ బడి నుంచి తీసేసేదాన్నో, నాకు ఇప్పటికీ తెలియదు.