తేనెటీగలకు చెప్పిన మాట

జర్మనీలో వైమార్ పట్నం దగ్గర మా ఊళ్ళో ముసలి కవి లెబ్రెక్ట్ ఎప్పుడూ నిలబడే రాస్తాడు. ఆయన బల్ల నిండా రాళ్ళు, ఎముకలు, ఎండుటాకులు. ఏది చూపించినా పేరు చెబుతాడు. తేనెటీగలకు చెవులు లేవని ఓ పుస్తకమే రాశాడు. ఇంట్లో ఎవరైనా పోతే తేనెటీగల్ని పెంచే గడ్డి బుట్టను తాళంచెవితో తట్టి వాటికి ఆ సంగతి చెప్పాలని, లేకపోతే అవీ చచ్చిపోతాయని మా నమ్మకం. దానికి ఆయన నవ్వేవాడు. భార్య దొరొతియా పోయిన నాడు, ఆమె పోయిందన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. మర్నాడు పొద్దున్నే తేనెటీగలకు చెబుదామని వంటమనిషి వాల్‌బుర్గా తోటలోకి వెళ్ళింది. అప్పటికే ఆయన గడ్డి బుట్ట ముందు వంగి, తాళంచెవితో తడుతున్నాడు.

"దొరొతియా పోయింది," అన్నాడు మెల్లగా.

"అదేంటి అయ్యగారూ, వాటికి చెవుల్లేవని మీరేగా అన్నారు?"

"వాటికి లేవమ్మా," అన్నాడాయన టోపీ తీసి. "నాకున్నాయిగా."