ముందే ఉబ్బిన పట్టీ

కోవిడ్ భయం తగ్గి, మాస్కులు మొహాల మీంచి జేబుల్లోకి దిగిన ఏడాది. సూరత్‌లో వానాకాలం సగం గడిచింది. నేను ఇక్కడ ఒక ప్రైవేటు టెస్టింగ్ ల్యాబ్‌లో సివిల్ ఇంజినీర్‌ని. కట్టడం కారినా, పగిలినా, కుంగినా తప్పు ఎక్కడుందో చూసి రిపోర్టు రాయడం నా పని. మావారి బ్యాంకు ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులో అందరికీ తెలుసు. ఈ కేసు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది కాబట్టి ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

కడోదరా నుంచి పల్సానా వెళ్ళే దారిలో ఒక నాలుగంతస్తుల కొత్త బిల్డింగు. అందులో ఉండేవాళ్ళంతా పవర్‌లూమ్ ఖాతాల్లో, అంటే మగ్గాల షెడ్లలో పనిచేసే తెలంగాణ కుటుంబాలు. నేలలో కట్టిన కాంక్రీటు సంపులోకి మంచినీళ్ళు వస్తాయి, మోటారు వేస్తే పై ట్యాంకుకు ఎక్కుతాయి. వానలు మొదలైన దగ్గర్నుంచి ఆ నీళ్ళు వాసన కొడుతున్నాయి. ముందు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి, తర్వాత రెండో అంతస్తు స్వప్న కూతురికి పచ్చకామెర్లు వచ్చాయి. పాపను ఆసుపత్రిలో చేర్చారు.

నన్ను పిలిచింది బిల్డరు. ఎందుకు పిలిచాడో వెళ్ళాక తెలిసింది. ఆయన సూపర్‌వైజర్ సురేష్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. ఆ మగ్గాల వాళ్ళ బిడ్డే, సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు. మోటారు చూసుకునే రాజవ్వ సంపు మూత తెరిచి పెట్టిందనీ, వాన నీళ్ళతో పాటు మురుగు లోపలికి పోయిందనీ, ఇందులో చూడాల్సిందేమీ లేదనీ నడుస్తూనే చెప్పేశాడు.

"మీరు జర గంత డీప్‌కు పోవద్దు మేడం. మూత ఖుల్లా ఉండె, గటర్ పానీ లోపలికొచ్చె, గంతే. మెయింటెనెన్స్ మిస్టేక్ అని రాసెయ్యుండ్రి."

చూడకముందే నా చేత రాయించాలని వచ్చినవాణ్ణి చూస్తే నాకు ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేను నోరు తెరిచేలోపే మెట్ల కింద గది కనిపించింది. రాజవ్వ ఉండే గది అది. భర్త పోయాక ఖాతాలో బాబిన్లు చుట్టే పని మానేసి, ఈ బిల్డింగు మోటారు చూసుకుంటూ అందులో తలదాచుకుంటోంది. గది ముందు గిన్నెలు, పొయ్యి, ఒక ట్రంకుపెట్టె వాన జల్లులో తడుస్తున్నాయి. బిల్డింగులో వాళ్ళే తెచ్చి బయట పడేశారట. సంపు మూతకు సురేష్ కొత్త తాళం వేశాడు. తాళంచెవి ఆమెకు ఇవ్వలేదు, గది ఖాళీ చెయ్యమన్నాడు.

రాజవ్వ ఆ సామాన్ల పక్కనే నిలబడి ఉంది. అరవై దగ్గర పడిన మనిషి. నేను అడిగితే ఒక్కసారే చెప్పింది.

"నేను మూత తియ్యలే మేడం. మోటరు బంద్ చేసినంక రోజు చెయ్యి పెట్టి చూస్త, సక్కగ కూసున్నదా లేదా అని."

మెట్ల మీద నిలబడ్డ ఆడవాళ్ళు మాత్రం ఆగలేదు. స్వప్న ఆసుపత్రి నుంచి బట్టల కోసం వచ్చినట్టుంది, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. తన బిడ్డను ఈమే చంపబోయిందని నా ముందే తిట్టింది. పక్కింటావిడ అందుకుంది, ఆ పక్కావిడ అందుకుంది. నెలరోజులుగా ఇదే వరస అని తర్వాత తెలిసింది. ఎవరూ ఆమెతో కలిసి టీ తాగరు, పిల్లల్ని ఆ గది వైపు పోనివ్వరు.

సంపు ఖాళీ చేయించాను. లోపలికి గాలి కొట్టించి, నిచ్చెన వేసుకుని నేనే దిగాను. గోడలన్నీ తుడిపించి, లైటు పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఒక గోడ అడుగుతో కలిసే చోట, గీత గీసినట్టు తడి పుట్టింది. ఆ గోడకు అవతల మురుగు ఛాంబర్ ఉంది. అందులో ఆకుపచ్చ రంగు కలపమన్నాను. ఇలాంటి కేసుల్లో ఇది మామూలుగా చేసే పరీక్షే. మూత మీద ప్లాస్టిక్ పట్టా కప్పించాను, పైనుంచి చుక్క కూడా పడకుండా. మధ్యాహ్నానికి ఆ గీత వెంబడి ఆకుపచ్చ నీళ్ళు కారాయి.

మూతకూ ఈ మురుగుకూ సంబంధం లేదని అప్పుడే తేలిపోయింది. కానీ ఎందుకు కారుతోందో చెప్పకపోతే బిల్డరు దాన్ని మసిపూసి మారేడుకాయ చేస్తాడని నాకు తెలుసు. ఆ గీత దగ్గర కాంక్రీటు పగలగొట్టించాను.

ఇక్కడ కొంచెం మా పని గురించి చెప్పాలి. సంపు అడుగు ఒకసారి, గోడలు మరోసారి పోస్తారు. పాత కాంక్రీటు మీద కొత్తది కూర్చునే చోటును కన్‌స్ట్రక్షన్ జాయింట్ అంటాం. నీళ్ళకు అది దొంగదారి. ఆ దారి మూయడానికి మధ్యలో బొటనవేలు వెడల్పున ఒక పట్టీ పెడతారు. దాని పేరు స్వెల్లింగ్ వాటర్‌స్టాప్. రబ్బరులో నీళ్ళు పీల్చే పాలిమర్ కలిపి చేస్తారు. నీళ్ళు తగిలితే అది జెల్‌లా మారి ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఉబ్బితే కారడం ఆగుతుందని అందరూ అనుకుంటారు. ఉబ్బడం వల్ల ఆగదు. ఉబ్బబోతుంటే చుట్టూ ఉన్న కాంక్రీటు ఉబ్బనివ్వదు చూడండి, అప్పుడు పుట్టే ఒత్తిడి వల్ల ఆగుతుంది. దాన్ని స్వెల్లింగ్ ప్రెషర్ అంటాం. శనగలు గిన్నెలో నానబెడితే మెత్తబడి ఊరుకుంటాయి. అవే శనగలు సీసా నిండా కుక్కి, నీళ్ళు పోసి, బిరడా బిగిస్తే సీసా పగులుతుంది. పట్టీ పనంతా ఆ రెండో రకం.

పగలగొట్టిన చోట పట్టీ బయటపడింది. తన గూటిలో వదులుగా ఉంది. వేలితో లాగితే వచ్చేసింది, నానిన సగ్గుబియ్యంలా మెత్తగా జారుతూ. చుట్టూ కాంక్రీటు మీద ముడతల అచ్చు స్పష్టంగా ఉంది. పొడి పట్టీకి ముడతలుండవు. అంటే కాంక్రీటు పోసే నాటికే అది నీళ్ళు తాగి ఉబ్బి ఉందన్నమాట.

సురేష్‌ను పిలిచి, పోసే ముందు జాయింటును తడిపారా అని అడిగాను. అబ్బాయి మొహం వెలిగిపోయింది. తన మీద వచ్చిన అనుమానం తీర్చే అవకాశం దొరికిందనుకున్నాడు.

"నీళ్ళు కొట్టకుంట మేము ఎన్నడు కాంక్రీట్ పొయ్యం మేడం. పక్కా కామ్. ఆగుండ్రి, వీడియో ఉంది."

ఫోన్‌లో చూపించాడు. సేఠ్‌కు, అంటే బిల్డరుకు పంపడానికి తీసిన వీడియో. అడుగు స్లాబు మీద పట్టీ అతికించి ఉంది. కాంక్రీటు లారీ రాలేదని మూడు రోజులు ఆగారు. ఆ మూడు రోజులూ పైపు పెట్టి జాయింటు మీద నీళ్ళు పారించారు. పాత కాంక్రీటును తడిపి కొత్తది పోయాలన్నది మేస్త్రీలందరికీ చిన్నప్పటి నుంచీ వచ్చిన మంచి అలవాటే. తడపనివాణ్ణి పని రానివాడంటారు. కానీ పట్టీ ఉన్నచోట ఆ అలవాటే కొంప ముంచింది. వీడియోలో పట్టీ పాములా ఉబ్బి, మెలికలు తిరిగి, నీళ్ళలో తేలుతోంది. వెనక నుంచి సురేష్ గొంతు గర్వంగా వినిపిస్తోంది, ఎంత బాగా తడిపామో చూడండి సేఠ్ అని.

ఉబ్బిన పట్టీ చుట్టూ కాంక్రీటు పోస్తే ఆ ఉబ్బిన ఒళ్ళంత చోటు గోడలో మిగిలిపోతుంది. ఎండినప్పుడు పట్టీ ముడుచుకుంటుంది. మళ్ళీ నీళ్ళొస్తే ఉబ్బుతుంది, కానీ ఆ చోటు నిండేంత వరకే. గోడను ముట్టుకుంటుంది, నొక్కదు. ల్యాబ్‌లో అది కళ్ళారా చూశాం. అదే రకం కొత్త పట్టీ ముక్కను సరిగ్గా పట్టే ఉక్కు అచ్చులో బిగించి నీళ్ళు పోస్తే ప్రెషర్ సూది ఎక్కుతూనే పోయింది. గోడలోంచి తీసిన ముక్కను ఎండబెట్టి, దానికి గోడలో ఉన్నంత చోటే ఉన్న అచ్చులో పెట్టాం. సాయంత్రం దాకా చూసినా సూది కదల్లేదు.

రిపోర్టు ఇంకా టైపు అవుతుండగానే బిల్డరు ఫోన్ చేశాడు. చాలా మర్యాదగా, గుజరాతీలో అక్కా అన్నట్టు బెన్ బెన్ అంటూ. జాయింటు లోపం రాయండి, కాదనను, దానితో పాటు మూత సంగతి కూడా ఒక లైను రాస్తే ఇద్దరి తప్పూ అయిపోతుంది, గొడవ చల్లారుతుంది అన్నాడు. ఒక ముసలామె నెత్తిన సగం రుద్దడానికి నా సంతకం కావాలి ఆయనకు. మా సార్ పక్క గదిలో ఉన్నాడన్న సంగతి కూడా మరిచిపోయి నోటికొచ్చినట్టు తిట్టాను. సార్ బయటికొచ్చి నా వంక చూసి, రిపోర్టు ఉన్నదున్నట్టే వెళ్ళనివ్వమని టైపిస్టుకు చెప్పాడు.

రిపోర్టు తీసుకుని నేనే బిల్డింగుకు వెళ్ళాను. అందరినీ కిందికి పిలిచి తెలుగులో చదివి వినిపించాను, శనగల సంగతితో సహా. వీడియో కూడా చూపించాను. ఇక అగ్గి రాజుకుంటుందని, బిల్డరు ఆఫీసు ముందు వీళ్ళంతా కూర్చుంటారని అనుకున్నాను. స్వప్న భర్త నీళ్ళు నమిలాడు.

"పోనీలె మేడం. రిపేర్ చేస్తమంటుండ్రు గద. మెట్లకు కలర్ గూడ ఏపిస్తరట."

నాకు తల తిరిగిపోయింది. బిడ్డ ఆసుపత్రిలో ఉన్న తండ్రి అంటున్న మాట అది. నెలరోజుల పాటు ఒక దిక్కులేని మనిషి గిన్నెలు బయట పడేసిన కోపం ఏమైందని అడిగాను. ఆ తిట్లలో సగమైనా ఇప్పుడు రావేం అన్నాను. కోపం లేక కాదు, ఉన్నదంతా రాజవ్వ మీద పోసేశారు. అసలు మనిషి ఎదురయ్యేసరికి మెత్తబడిపోయి ఉన్నారు. నా చేతి సంచీలో ఆ పట్టీ ముక్క ఉంది. దాన్ని తీసి వాళ్ళ మొహాన కొట్టాలనిపించింది.

రాజవ్వ ఆ రోజు అందరి వెనక నిలబడి అంతా విని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె కూడా వదిలేసిందనుకున్నాను.

రిపేరు సక్రమంగానే జరిగింది. జాయింటు పొడవునా రంధ్రాలు వేసి, లోపల బిగుసుకుని ఉబ్బే మందు ఎక్కించారు. దగ్గరుండి చూశాను. సంపు కడిగి, మళ్ళీ నీళ్ళు నింపే రోజు బిల్డరు కొబ్బరికాయతో, ఫొటో తీసేవాడితో వచ్చాడు. నీళ్ళ ట్యాంకరు గేటు దాకా వచ్చి హారన్ కొడుతోంది. బిల్డింగులో చుక్క నీళ్ళు లేవు, బిందెలు వరసగా పెట్టుకుని అందరూ కిందే ఉన్నారు.

రాజవ్వ గదిలోంచి వచ్చి సంపు మూత మీద కూర్చుంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. సురేష్ తాళంచెవి పట్టుకుని, లే పెద్దమ్మా అన్నాడు. ఆమె లేవలేదు. గది ఖాళీ చెయ్యక్కర్లేదని బిల్డరు హిందీలో చెప్పాడు. కదల్లేదు. ట్యాంకరు వెళ్ళిపోతుందని ఆడవాళ్ళు బతిమాలారు. ఎవరో చెయ్యి పట్టి లేపబోయారు. ఆ చెయ్యి విదిలించుకుంది. అప్పుడు అంది, అరవకుండా, సురేష్ వైపే చూస్తూ.

"నేను మూత తీసిన్నని ఈడనే నిలవడి చెప్పినవు. గీళ్ళందరు విన్నరు. తియ్యలేదని గూడ ఈడనే చెప్పు. గీళ్ళందరు వినాలె."

సురేష్ బిల్డరు వంక చూశాడు. బిల్డరు ఫోన్ వంక చూసుకున్నాడు. ట్యాంకరు డ్రైవరు మరోసారి హారన్ కొట్టి, రివర్సు గేరు వేశాడు. రాజవ్వ కొంగు నడుముకు చుట్టి దోపి, మూత మీద ఇంకొంచెం సర్దుకుని కూర్చుంది. అక్కడున్న మనుషుల్లో ఒత్తిడి మిగిలి ఉన్నది ఆమెలోనే. ఒక్కొక్కరుగా అందరూ సురేష్ వైపు తిరిగారు. ముందుగా నోరు విప్పింది స్వప్న, చెప్పు తమ్మీ అని.

చెప్పాడు. మొదట గొణిగాడు. వినపడలేదంది రాజవ్వ. రెండోసారి గట్టిగా చెప్పాడు. మూత పెద్దమ్మ తియ్యలేదు, తప్పు గోడలో ఉంది, తడిపింది మేమే అని.

రాజవ్వ లేచి చెయ్యి చాపింది. సురేష్ తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. తీసిందని నెలరోజులు తాను తిట్లు తిన్న ఆ మూతను అందరి ముందూ తన చేత్తో తీసి, పైపు పెట్టమని డ్రైవరుకు సైగ చేసింది. ఎవరూ ఆమెకు క్షమాపణ చెప్పలేదు. పాప కోలుకుని ఇంటికొచ్చింది. బిల్డరు అదే రోడ్డులో ఇంకో బిల్డింగు మొదలుపెట్టాడు.

అప్పటి నుంచి ఏ సైటుకు వెళ్ళినా పట్టీ పెట్టారా అని అడగను, పెట్టాక ఎవరైనా తడిపారా అని అడుగుతాను. ఇక నా కోపం ముక్కు మీదే ఉంది, అది పోదు. కానీ ఇప్పుడు నోరు తెరిచే ముందు ఒక్క క్షణం ఆగి, ఇది చేరాల్సిన మనిషి ఎదురుగా ఉన్నాడా అని చూసుకుంటున్నాను. లేకపోతే పొడిగా దాచి ఉంచుతున్నాను.