ఇంజన్ లేని బండికి రెండు నిమ్మకాయలు

సమస్త నివాసులకు, వారి డ్రైవర్లకు, వారి ఇళ్ళకు పార్సిళ్ళు మోసుకొచ్చే వారికి ఇందుమూలంగా ప్రకటించడమేమనగా: బెంగళూరు బెళ్ళందూరులో మా అంగడి ఎదుటి అపార్ట్‌మెంటు బేస్‌మెంటులో, నీళ్ళ పంపు పక్క పార్కింగు గడిలో ఇకమీదట ఎవరూ చీపుర్లు ఆనించరాదు. తడి గొడుగులు ఆరబెట్టరాదు. పాత పరుపులు పడేసి రేపు తీసేస్తామని చెప్పరాదు. ఈ ఉత్తర్వు వెయ్యడానికి నువ్వెవరని నన్ను అడగరాదు. నేను అక్కడ అద్దెకు కూడా ఉండను. గేటు బయట నంబరు ప్లేట్లు, స్టిక్కర్లు చేసే అంగడి నాది. కానీ ఆ గడిలో ఉన్న బండి మా డ్రాయింగు సారుది. ఆ సారు పోయిన నెల, కూతురి ఇంట్లో, నిద్రలోనే పోయారు.

కబురు తెచ్చింది వాచ్‌మన్. "మేష్ట్రు హోగ్‌బిట్రు" అన్నాడు, మాస్టారు వెళ్ళిపోయారని. యాడికి పోయినారని అడిగాను. పొద్దున ఆ వేళకు సారు బండెక్కి ఎక్కడికో ఒకచోటికి పోవడం మామూలే. వాచ్‌మన్ తల దించుకున్నాడు. అప్పుడు అర్థమైంది. ఆ రోజు ఎవరి నంబరు ప్లేటో తప్పు రాశాను. ఆ కారాయన ఇంకా చూసుకున్నట్టు లేదు.

మా ఊరు పేటలో బడి చిన్నది. పదో తరగతికీ నాకూ పొసగలేదు గానీ, అంతదాకా వారానికి ఒక గంట మాత్రం ఎగ్గొట్టకుండా కూర్చున్నాను. అది డ్రాయింగు గంట. మిగతా బళ్ళలో డ్రాయింగంటే మామిడికాయ, కుండ, రెండు కొండల నడుమ సూర్యుడు. మా సారు మొదటి రోజు బోర్డు మీద రెండు చక్రాలు, మధ్యలో ఒక పలక, దానిమీద కూర్చున్న మనిషిని గీశారు. నేను లేచి, "సార్, పెడలు మర్చిపోయినారు" అన్నాను.

"మర్చిపోలేదప్పా. అది ఇంకా పుట్టలేదు."

జర్మనీలో అడవుల మీద ఉద్యోగం చేసే దొర ఒకడు ఈ బండి చేశాడని చెప్పారు. పంటలు పోయి గుర్రాలకు దాణా లేని కాలంలో ఆ ఆలోచన వచ్చిందని కొందరంటారట. దానిమీద రెండు కాళ్ళూ అటూ ఇటూ వేసి కూర్చుని, నేలను వెనక్కి తన్నుకుంటూ పోవాలి. క్లాసంతా నవ్వాం. సారు నవ్వలేదు. "ఆ పొద్దు ఊరోళ్ళు కూడా ఇట్లే నవ్వినారు. బండి మాత్రం ఇంకా పోతానే ఉండాది" అన్నారు.

ఆ ఏడాదంతా మాకు చక్రాలే. ముందు చక్రానికి పెడళ్ళు వచ్చాయి. చక్రాలు కర్రవి, వాటికి ఇనప పట్టా, రోడ్డు రాళ్ళది. ఎక్కినవాడి పళ్ళు కూడా కదిలేవట. తర్వాత ముందు చక్రం మనిషి ఎత్తు పెరిగింది, వెనకది పిల్లచక్రమైంది. అదేం పొగరు సార్, అంతెత్తున కూర్చోవడమని అడిగాను.

"పొగరు కాదురా, గొలుసు లేని కష్టం. పెడలు చక్రానికే బిగించి ఉండాది గదా, కాలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకటే చుట్టు. బిరీన పోవాలంటే చక్రం పెంచక ఏం చేస్తాడు?"

గొలుసు వచ్చాకే రెండు చక్రాలూ సమానమై మనిషి కిందికి దిగాడని, టైరులోకి గాలి వచ్చాకే నడుం నిలిచిందని చెప్పారు. ఎవరైనా వింతగా కనిపిస్తే, వీడికి ఏ గొలుసు లేదో అని చూడడం నాకు అప్పటినుంచి అలవాటు. నవ్వడం మానలేదు, చూసి నవ్వుతున్నాను.

ఒకసారి సారు రాకముందు, బోర్డు మీది పెద్దచక్రం మనిషికి మా హెడ్మాస్టరు మీసం పెట్టాను. సారు వచ్చారు, చాలాసేపు చూశారు. "మీసం బాగుండాది. ఆ మోకాలు హ్యాండిలుకు తగులుతాది చూడు. సరిచెయ్" అన్నారు. సరిచేశాను. తుడవమనలేదు. హెడ్మాస్టరు వచ్చి చూసి తన్నారు, అది వేరే సంగతి. ఈ రోజు నా బ్రష్షు గీత వణక్కుండా పోతుందంటే ఆ మోకాలి పుణ్యమే.

చాలా ఏళ్ళ తర్వాత నా అంగడి ముందు ఒక చెక్కబండి ఆగింది, దానిమీద మా సారు. రెండు చక్రాలు, మధ్యలో పలక, పెడళ్ళు లేవు. బడి మూసేసినప్పుడు వేలంలో కొన్న బెంచీల చెక్కతో చేయించారట. కూతురితో ఉండటానికి బెళ్ళందూరు వచ్చారట.

"ప్లేటు రాయప్పా."

"నంబరేమి సార్?"

"నంబరు లేదు. 'ఇంజన్ లేదు' అని రాయి. కన్నడంలో ఒకటి, తెలుగులో ఒకటి."

రాసిచ్చాను. పొద్దున సర్వీసు రోడ్డు మీద కార్లన్నీ బిగుసుకుపోయి ఉంటే, డెబ్భై దాటిన మనిషి నేలను తన్నుకుంటూ పక్కనుంచి పోయేవారు. ఏదో ఒక కారు అద్దం దగ్గర వంగి, "నేను ముందు పోతావుండా. మీ ఆఫీసులో ఏమన్నా చెప్పాల్నా?" అని అడిగేవారు.

గొడవ గడి దగ్గర మొదలైంది. కూతురికి కారు లేదు. ఆమె గడిలో సారు బండి పెట్టారు. అసోసియేషన్ సెక్రటరీ కుర్రాడు, గుంటూరువైపు వాడు, సాఫ్ట్‌వేరు. వచ్చి మర్యాదగానే చెప్పాడు: "మాస్టారూ, పార్కింగ్ స్లాట్‌లో వెహికిల్స్ మాత్రమే అండీ. రూల్ క్లియర్‌గా ఉంది. ఇది ఫర్నిచర్ కిందికి వస్తుంది."

"యాల? చెక్కతో చేసినందుకా?"

"ఇంజన్ లేదు, పెడల్స్ లేవు కదండీ."

"ముందు ఇది పుట్టింది. పెడలు దీని కొడుకు. ఇంజను మనవడు. తాతను బయటికి తోస్తావా అప్పా?"

వారం వారం నోటీసులు వచ్చాయి. సారు వాటి వెనకవైపు చక్రాలు గీసి తిరిగి పంపేవారు. బండి తీస్తే తానూ పోతానని కూతురితో తేల్చి చెప్పారు. బెదిరింపు కాదది. బడి పోయింది, పేటలో ఇల్లు పోయింది, ఆయన చేతిలో మిగిలింది ఆ బండి ఒక్కటే.

ఆయుధపూజ వచ్చింది. కార్లన్నీ కడిగి, అరటి పిలకలు కట్టి, బేస్‌మెంటులో వరసగా నిలబెట్టారు. వరస చివర సారు తన బండి పెట్టారు. సెక్రటరీ పూజ చేసే అయ్యవారి వైపు చూశాడు, అయ్యవారు బండి వైపు చూసి సారును అడిగారు.

"స్వామీ, బానెట్టు యాడుండాది? కుంకుమ యాడ పెట్టాల?"

సారు పంచె కొంచెం పైకెత్తి రెండు మోకాళ్ళూ చూపించారు. "ఇంజను ఇదే. పెట్టండి."

పెట్టారు. కార్లకు నాలుగేసి నిమ్మకాయలు, దీనికి రెండు. చక్రం వాటిమీద ఎక్కి నలిపితేనే పూజ ముగిసినట్టు. సారు కూర్చుని తన్నారు. బండి తేలిక, కాయ గట్టిది. చక్రం ఎక్కి పక్కకు జారింది, నిమ్మకాయ దొర్లుకుంటూ పోయి సెక్రటరీ కాళ్ళ దగ్గర ఆగింది. అతని మొహం ఫర్నిచర్ అంటూనే ఉంది.

సారు దిగి, కాయను మళ్ళీ దాని చోట పెట్టమని నాకు చెప్పి, బండిని తోసుకుంటూ ర్యాంపు పైకి నడిచారు. "నాన్నా, వద్దు" అని కూతురు వెంటపడింది. "ఆ కాలంలో బ్రేకుల్లేకుండానే పోయినారు తల్లీ" అన్నారు. పైనుంచి వదిలారు. పంచె జెండాలాగా లేచింది. కార్ల వాళ్ళు గోడలకు అతుక్కున్నారు. ముందు చక్రం ఒక కాయను, వెనక చక్రం ఇంకో కాయను చితక్కొట్టుకుంటూ పోయాయి, రసం సెక్రటరీ తెల్ల కుర్తా మీద పడింది. సారు చెప్పులు నేలకు రాసుకుంటూ పంపు ముందర ఆగారు. ఊపిరి అందడానికి కాసేపు పట్టింది.

"ఫర్నిచరు ఇట్ల చేస్తుందా అప్పా?"

పూజ అయిన బండిని తియ్యమనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. నోటీసులు ఆగాయి. సారు బతికున్నంత కాలం.

కర్మలు ముగియగానే మళ్ళీ వచ్చింది నోటీసు. ఆ గడి దగ్గర కరెంటు కార్లకు చార్జింగు స్తంభం నాటుతారట. కూతురు నా అంగడికి వచ్చి, "అన్నా, నాకు కొట్లాడే ఓపిక లేదు. ఎవరికైనా ఇచ్చేద్దాము" అంది. ఓపిక నాకుంది, వేరే ఆస్తి లేకపోయినా. మీటింగుకు పోయాను. బయటివాళ్ళకు ప్రవేశం లేదన్నారు. పోయినాయన తరఫున వచ్చానని చెప్పి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"సారు పోయే ముందు సాయంత్రం నా అంగడిలోనే కూర్చున్నారు. నా చెయ్యి పట్టుకుని ఒక మాట చెప్పినారు. నా బండి ఆ గడి దాటిన రోజు, దాన్ని వెతుక్కుంటూ ప్రతి అంతస్తుకూ వస్తాను అని."

లక్షల జీతాల వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడో అంతస్తు పెద్దావిడ వెంటనే, స్తంభం గేటు దగ్గర నాటుకోవచ్చు కదా అంది. అందరికీ అదే సబబుగా తోచింది. బయటికి వస్తుంటే సెక్రటరీ పక్కకు పిలిచాడు.

"అంకుల్, మాస్టారు నిజంగా అలా అన్నారా?"

"చెయ్యి పట్టుకుని అన్నారు."

మొన్న గడి ఊడుద్దామని బేస్‌మెంటులోకి దిగాను. బండి కనపడలేదు. దగ్గరికి పోతే, పెద్ద కారుకు వేసే బూడిదరంగు కవరొకటి, నాలుగు మడతలు పెట్టి, తాడుతో జాగ్రత్తగా కట్టి ఉంది. అడుగున చెక్క చక్రాల అంచులు రెండూ కొంచెం కనిపిస్తున్నాయి. ఎవరు కప్పారని వాచ్‌మన్‌ను అడిగాను. సెక్రటరీ సార్ అన్నాడు, తన కారు కవరు అది.

అతనికి తెలుగు చదవడం వచ్చు. ఇది చదివితే చదవనీ. వాహనానికి కప్పే కవరు తన చేత్తో కప్పినవాడు, రేపు దాన్ని ఫర్నిచర్ అని ఎలా అంటాడో నేనూ చూస్తాను. అందుకే ఇప్పుడు చెబుతున్నాను: ఆ సాయంత్రం సారు నా అంగడిలో కూర్చున్నది నిజం. చెయ్యి పట్టుకోలేదు. బండి ఊసే ఎత్తలేదు. బోండా తింటూ, "మిరియం కొరికినాను, నీళ్ళియ్యప్పా" అన్నారు, తాగారు, లేచి పోయారు. మిగిలిన మాటంతా నేను కల్పించింది.