చైనాటౌన్‌లో లిన్ గారి వయొలిన్

మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే లిన్ గారు షాంఘైలో వయొలిన్ నేర్చుకుని, శాంటా క్లారాలో ఏళ్ళ తరబడి పిల్లలకు నేర్పారు. ఆవిడ భర్త ఎర్హు వాయించేవారు. అది ఒళ్ళో నిలబెట్టి కమానుతో వాయించే రెండు తీగల చైనా వాయిద్యం. ఆయన మొన్న చలికాలంలో పోయారు. ఆయన బృందం శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో సంస్మరణ కచేరీ పెట్టి, ఎర్హు, వయొలిన్ కలిపి ఆయన కట్టిన పాటలో వయొలిన్ ఆవిడనే వాయించమంది. ఆయన పోయాక ఆవిడ వయొలిన్ ముట్టుకోలేదు. "వినడానికి వెళ్తాను, అంతే. తోడు వస్తావా?" అని నన్నడిగారు. "సిటీలో పార్కింగ్ దొరకదు, ట్రైన్‌లో వెళ్ళండి" అన్నాడు మా ఆయన కిరణ్. శనివారం పొద్దున స్టేషన్‌కి ఆవిడ వయొలిన్ పెట్టెతోనే వచ్చారు.

శాంటా క్లారా నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి దాదాపు గంటన్నర. ఎర్హు చాలా పాత వాయిద్యం కదా అన్నాను.

"వాయిద్యం పాతదే. నువ్వు వినబోయే పద్ధతి కొత్తది" అన్నారు ఆవిడ ఇంగ్లీషులో. "వెనకటి రోజుల్లో దానికి పట్టు తీగలుండేవి. మిషనరీలతో ప్రార్థనా గీతాలొచ్చాయి, పియానో వచ్చింది, తర్వాత సంగీత కళాశాలలు. వయొలిన్‌ని చూసి ఎర్హు వాళ్ళు తీగ పొడవునా వేళ్ళు జరపడం నేర్చారు. పట్టు తీగలు పోయి స్టీల్ తీగలొచ్చాయి."

"మేం వయొలిన్‌ని తీసుకుని నేలమీద కూర్చున్నాం" అన్నాను. నేను కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాను.

ఆవిడ నవ్వలేదు. "ఒకప్పుడు మా దేశంలో వయొలిన్ వాయిస్తే విదేశీ బుద్ధి అన్నారు. మా టీచర్ కిటికీలకు దుప్పట్లు కట్టి నేర్పింది. ఇక్కడికొచ్చాక నాకు శిష్యులు దొరికారు. మా ఆయన్ని మాత్రం ఎవరూ ఎర్హు నేర్పమని అడగలేదు."

స్టేషన్ బయట ట్రామ్ ఎక్కితే నేరుగా చైనాటౌన్‌లో దిగవచ్చు. మేడమీది చిన్న హాల్లో ముందు ఎర్హులు, వెనక పెద్ద వయొలిన్‌లలాంటి చెల్లోలు. బృందం పెద్ద వూ గారు ఎదురొచ్చారు.

"మీరు వాయించకపోతే ఆ పాట తీసేస్తాం. ఇంకొకరికి ఇవ్వం."

"ఎర్హు ఎవరు?"

"నేనే."

ఆవిడ చాలాసేపు నిలబడి, పెట్టె తెరిచారు.

పాట సగంలో ఎర్హు ఒక స్వరం నుంచి మరో స్వరానికి మెల్లగా జారింది. వయొలిన్ దానికి బదులివ్వాలి. ఆవిడ కమాను ఆగిపోయింది. వూ గారు తల ఎత్తకుండా అదే పలుకు మళ్ళీ వాయించారు. మళ్ళీ. మూడోసారి ఆవిడ అందుకున్నారు. చివరిదాకా ఆగలేదు. హాల్లో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. నేనూ.

"ఇన్నేళ్ళూ, 'నీ స్వరం పియానోకి కలవడం లేదు' అని ఆయనతో పోట్లాడాను" అన్నారు లిన్ గారు తర్వాత. "ఇవాళ పియానో లేదు." వూ గారి వైపు తిరిగారు. "మీ రిహార్సల్స్ ఏ రోజు?"

బయటి సంగీతం వచ్చినప్పుడు మనది పోతుందన్న భయం మనకూ తెలిసినదే. కొంత పోతుంది కూడా. ఆ పట్టు తీగల మెత్తదనం నేను వినలేదు. కానీ ఆ మధ్యాహ్నం ఎర్హు దారిలో వయొలిన్ నడవడం విన్నాను. పాట కట్టి దాన్ని అలా నడిపించిన మనిషి వినడానికి లేరు.

ఇలాంటి కచేరీకి వెళ్తే తిరుగు ట్రైన్‌కి టైమ్ మరీ దగ్గరగా పెట్టుకోకండి. టీ తాగకుండా పంపించరు. అడిగితే, ఆ టీ దగ్గరే వాయిద్యం మీ చేతికిచ్చి చూపిస్తారు.