పెట్టెలో మిగిలిన మాట

ఊళ్లో సగం దుకాణాల అద్దాల మీద అక్షరాలు ఆమె కోసినవే. అందరూ స్టిక్కరక్క అంటారు. అసలు పేరు పెట్టి పిలిచే మనిషి పోయాక ఆ పేరు మూలపడింది.

ఇంటి ముందు గదే ఆమె పని గది. కిటికీ కింద కంప్యూటర్, గోడ వారగా కంప్యూటర్ చెప్పినట్టు స్టిక్కర్లు కోసే కట్టర్, దాని పక్కన రంగు చుట్టలు. నేల మీద ఎప్పుడూ అక్షరాల కడుపుల్లోంచి తీసిన ముక్కలు రాలి ఉంటాయి.

భర్త బస్టాండులో మైకు ముందు ఉద్యోగం చేశాడు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో చెప్పడం ఆయన పని. గొంతులో పుండు లేచి, కోత తప్పదు, కోశాక మాట రాదు అన్నప్పుడు ఆస్పత్రివాళ్లు ఒక పెట్టె ఇప్పించారు. కోతకు ముందే తన గొంతుతో అందులో కొన్ని మాటలు నింపుకున్నాడు. తర్వాత కంప్యూటర్ మీద మీట నొక్కితే పెట్టె ఆ మాట పలికేది. కొన్నేళ్లు వాళ్ల కాపురం ఆ మాటలతోనే సాగింది. పోట్లాటలు కూడా. ఆయన ఎంత కోపంగా మీట నొక్కినా పెట్టె మాత్రం శాంతంగా "మంచినీళ్లు" అనేది.

ఆయన పోయాడు. తర్వాత పాత కంప్యూటర్ పోయింది. పెట్టెను మాట్లాడించే ప్రోగ్రామ్ దానితోపాటే పోయింది. పెట్టె అల్మారా ఎక్కింది.

కొత్త కంప్యూటర్‌కు వెనక తీగ తగిలించే పాత తరహా సీరియల్ పోర్టు లేదు. కట్టర్‌కు అదే కావాలి. నెరిసిన మీసాల మెకానిక్ వచ్చి, రెండు పోర్టులున్న కార్డు ఒకటి లోపల బిగించి, ఒకదానికి కట్టర్ తగిలించాడు. రెండోది ఖాళీగా కనబడేసరికి ఆమె పెట్టె దించి తెచ్చింది.

"దీన్ని కూడా తగిలించు తమ్ముడూ."

"తగిలించొచ్చక్కా. మాట్లాడించే ప్రోగ్రామేదీ? తాళం ఉంది, చెవి లేదు."

"ఉండనీ. దానికి తిండి పెట్టాలా ఏం?"

అతను పెట్టెను రెండో పోర్టుకు తగిలించి వెళ్లాడు. మర్నాడు పొద్దున ఆమె కట్టర్ ప్రోగ్రామ్ తెరిచింది. వీపు వెనక నుంచి ఆయన అడిగాడు.

"తలుపు వేశావా?"

తలుపు వారగా తెరిచే ఉంది. ఆమె లేచి వెళ్లి వేసింది. వేశాక గానీ పెట్టె వైపు తిరిగి చూడలేదు.

వీధి చివర ఉండే వదినకు, అంటే ఆయన అక్కకు, కబురు పెట్టింది. వదిన వస్తూనే, "పొద్దున్నే ఏం కథలు చెబుతున్నావే" అంది. ఆమె ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరిచింది.

"నాకేం కాలేదు. నువ్వు పడుకో" అంది పెట్టె.

వదిన నేల మీద కూలబడింది. "అబద్ధాలాడటం మాత్రం మానలేదు వీడు" అంది.

ఆ రోజు నుంచి వదిన రోజూ వచ్చేది. పెట్టె "మంచినీళ్లు" అన్ననాడు లోపలికి వెళ్లి గ్లాసు తెచ్చి దాని పక్కన పెట్టింది. ఇద్దరిలో ఎవరూ ఆ గ్లాసు తీయలేదు.

పెట్టె నుదుటి మీద చిన్న గాజు కిటికీ, అందులో ఎర్రటి అంకె. అది రోజురోజుకూ తగ్గుతోంది. బ్యాటరీ అయిపోతోందని వదిన తేల్చేసింది.

"నూనె అడుగంటిందే. ఆరిపోయేలోగా వినేద్దాం."

ఒక మధ్యాహ్నమంతా ప్రోగ్రామ్ మూస్తూ, తెరుస్తూ కూర్చున్నారు. పొయ్యి మీద కూర మాడింది. "అక్కకు చెప్పకు" అంది పెట్టె ఒకసారి. వదిన విరగబడి నవ్వింది.

"ఏమిటే చెప్పకూడనిది? మొగుడూ పెళ్లాలిద్దరూ నా దగ్గర ఎన్ని దాచారు?"

అంకె రెండుకు దిగింది. స్టిక్కరక్క మెకానిక్‌ను పిలిచింది. అతను కరెంటు ఆగకుండా జాగ్రత్తగా కొత్త బ్యాటరీ వేశాడు. అంకె పెరగలేదు. చూద్దామని కట్టర్ ప్రోగ్రామ్ తెరిచాడు.

"సరే, వెళ్లి రా" అంది పెట్టె. అంకె ఒకటయింది.

అతను ఒక్క ఉదుటున తీగ పీకేశాడు.

"ఇది బ్యాటరీ లెక్క కాదక్కా. లోపల మిగిలిన మాటల లెక్క."

అతను కట్టర్ వైపు వేలు చూపించాడు.

"కట్టర్ ప్రోగ్రామ్ తెరిచినప్పుడల్లా రెండు పోర్టులనూ అడుగుతుంది, కట్టర్ ఎక్కడున్నావని. కట్టరయితే ఇక్కడున్నానంటుంది. ఈ పెట్టెకు ఆ ప్రశ్న ఆర్డరులా చేరుతోంది. ఒక మాట పలికి, దాన్ని చెరిపేస్తోంది."

"అంటే మేం విన్నవన్నీ..." అంది వదిన.

"పోయాయి పెద్దమ్మా."

"మేమే చెరిపామా?"

మెకానిక్ అవసరం లేకపోయినా స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాడు.

"చెరపకుండా పలికించలేవా తమ్ముడూ?" అంది స్టిక్కరక్క.

"దీనికేం చెబితే ఏం చేస్తుందో ఎవరికీ తెలీదు. చేసిన కంపెనీ మూతపడింది. గుడ్డిగా ఏదైనా పంపితే పలక్కుండానే పోవచ్చు. తీగ తీసి ఉంచితే ఏళ్ల తరబడి ఉంటుంది. వినాలంటే ఒక్కసారే. టేపులో పట్టుకోవచ్చు, సరిగ్గా పడకపోతే నన్ననకండి."

"ఉండనీవే" అంది వదిన. "లోపల ఒకటుందంటే వాడున్నట్టే."

ఆమె ఉండనిచ్చింది. ఇలాంటి పెట్టెలు చివర నింపినదాన్నే ముందు చెరుపుతాయని మెకానిక్ వెళ్తూ చెప్పాడు. అయితే మిగిలింది మొట్టమొదటిది. ఆ రోజు ఆమె పక్కనే ఉంది. ఆస్పత్రి గది గుర్తుంది. కిటికీ తెర, ఇనప మంచం, ఆయన చేతిలో చిన్న మైకు, అన్నీ గుర్తున్నాయి. మాట గుర్తు లేదు.

అక్షరాలు కోస్తూ తల తిప్పి చూసేది. ఎర్రగా ఒకటి. మందుల షాపు బోర్డులో ఒక అక్షరం వదిలేసి కోసింది. తాళం వేసిన గదిలో మనిషి ఉన్నాడని తెలిసి, బయట వంట చేసుకుంటున్నట్టు ఉండేది ఆమెకు. ఏమీ వినబడకపోయినా చేతిపని ఆపి వినేది.

"నాకు వినాలనుంది వదినా" అంది చివరికి.

"పోతుందే."

"లోపలే ఉండి ఆయన ఎవరితో మాట్లాడాలి?"

వదిన లేచి ఇంటికి వెళ్లింది. సాయంత్రం తన ఇంట్లోని టేప్‌రికార్డర్ చంకన పెట్టుకుని వచ్చింది.

ఫ్యాను ఆపారు. కిటికీలు మూశారు. మెకానిక్ తీగ తగిలించి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వదిన టేపు మీట నొక్కింది. స్టిక్కరక్క ప్రోగ్రామ్ తెరిచింది.

పెట్టెలోంచి ఒక ఆడ గొంతు వచ్చింది.

"నాకెందుకు ఇస్తారు, మీరు మాట్లాడండి. ఏదో ఒకటి అనండి. ఎల్లుండి నుంచి కావాలన్నా మీ గొంతు దొరకదు. ఏమండీ."

తర్వాత ఎవరిదో ఊపిరి. మంచం కిర్రుమన్న చప్పుడు. అంతే. గాజు కిటికీలో సున్నా వెలిగింది.

"ఇది నీ గొంతు కదే" అంది వదిన. "వాడేడీ?"

"ఎదురుగా ఉన్నారు వదినా. మైకు నా నోటి దగ్గర పట్టుకుని."

వదిన టేపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. మాటలు అయిపోయేదాకా ఆగి, ఊపిరి మొదలవగానే టేప్‌రికార్డర్‌ను చెవికి ఆనించుకుంది.