సీటు కింద ఇంజను

గురువారం పొద్దున ఆరింటికి వ్యానును వెనక్కి తీసేసరికి, అది నిలబడి ఉన్న చోట నేల మీద అరచేయంత నల్లటి మరక కనిపించింది స్టెల్లాకు. నీళ్లేమో అనుకుని దిగి, వంగి, వేలితో తాకింది. వేలు జారింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన నూనె వాసన.

ఇంజను ఆయిలు కారిందంటే బండి పని అయిపోయినట్టే అని తోటి డ్రైవర్లు అనుకుంటుంటే చాలాసార్లు విన్నది. ఆ మాట తన బండికి తగులుతుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ వేలిని చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ బండెక్కింది.

స్టెల్లాది తడ పక్క పల్లె. భర్త దయానంద్ పులికాట్ ఒడ్డున ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆమె కూడా ఒకప్పుడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీకి పోయేది. ఏడేళ్ల కిందట ఒకరోజు, వాళ్లను తీసుకుపోయే వ్యాను డ్రైవరు చెప్పాపెట్టకుండా పని మానేశాడు. ఆడవాళ్లంతా రోడ్డు మీద టిఫిను క్యారియర్లు పట్టుకుని నిలబడిపోయారు. అన్న ఆటో మీద నడపడం నేర్చుకున్న స్టెల్లా, ఓనరుకు ఫోన్ చేసి, "తాళాలు ఇయ్యండి, నేను తోల్తాను" అంది. ఆరోజు తోలింది, మర్నాడూ తోలింది. తర్వాత లైసెన్సు సరిచేసుకుని ఆ పాత బండినే కొనుక్కుంది. రోజూ పొద్దున తొమ్మిదిమంది ఆడవాళ్లను ఎనిమిదింటి షిఫ్టుకు చేర్చడం, సాయంత్రం ఇళ్లకు దింపడం. ఈ ఏడేళ్లలో ఒక్కరోజు కూడా గేటు దగ్గర ఎవరికీ ఆలస్యం కానీయలేదు. అదే ఆమెకున్న గొప్ప.

ఆ పొద్దున అందరినీ దింపేసి, నేరుగా తడ రోడ్డు మీద ధనశేఖర్ షెడ్డుకు తీసుకుపోయింది. ధనశేఖర్ ఆమె బండికి మొదటినుంచీ మెకానిక్కు. ఆయన బండి కింద గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడు. ఇంజనూ గేరుబాక్సూ కలిసే చోట చేయి పెట్టి, నల్లబడిన వేళ్లను ఆమెకు చూపించినాడు.

"ఆయిలు బయటికి రాకుండా ఆపే వెనక సీలు పోయిండాది స్టెల్లమ్మా. గేరుబాక్సు దించాల. దాంతోపాటు ఇంజను కూడా దించి ఒకసారి ఇప్పి సూడాల్సిందే."

"ఎన్ని దినాలు పడతాది అన్నా?"

"పది దినాలు అనుకో. ఇప్పినాక ఇంకేం బయటపడతాదో ఎవురికి తెలుసు?"

పది దినాలు! పది రోజులు బండి షెడ్డులో ఉంటే తొమ్మిదిమందీ ఇంకో వ్యాను చూసుకుంటారు, అటుపోయినవాళ్లు మళ్లీ ఇటు రారు. "ఆలోచించి చెప్తానన్నా" అని వచ్చేసింది కానీ, ఆలోచించడానికి తలలో ఏమీ మిగల్లేదు.

ఆ సాయంత్రం దారిలో విషయం ఆడవాళ్లకు చెప్పింది. నాగవేణి అనే ఆమె "అయ్యో దేవుడా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు వెనక సీటు మూలనుంచి కోమలి గొంతు వచ్చింది.

"ఆ మెకానిక్కు పైన సూసినాడా మే?"

కోమలికి నలభై ఎనిమిదేళ్లు ఉంటాయి. ఐదేళ్లుగా ఆ మూలసీటులోనే కూర్చుంటుంది, దిగేదాకా మాట్లాడదు. ఆమె మాట్లాడిందన్నదే స్టెల్లాకు ఒక ఆశ్చర్యం.

"లేదక్కా. కిందనే సూసినాడు."

"నూనె కిందికే గదా దిగేది? కింద తడి ఉంటే, అది యాడ పుట్టిందో పైన ఎతకాల. ఆదివారం వస్తాను. ముఖానికి రాసుకునే పౌడరు ఒక డబ్బా పెట్టుకో."

పౌడరు ఎందుకో స్టెల్లాకు అర్థం కాలేదు. అయినా కొనిపెట్టింది.

ఆదివారం చర్చి ముగిసేసరికి కోమలి స్టెల్లా ఇంటికి వచ్చింది. ఒక చేతిలో పాత గుడ్డలు, ఇంకో చేతిలో చిన్న అద్దం. వ్యాను పొద్దున్నుంచీ కదలలేదు కాబట్టి ఇంజను చల్లగానే ఉంది. ఆ రకం బండిలో ఇంజను డ్రైవరు సీటు కిందే ఉంటుంది. సీటు గొళ్లెం తీసి పైకి లేపినప్పుడు స్టెల్లా ఒకడుగు వెనక్కి వేసింది. ఏడేళ్లు దానిమీద కూర్చుంది, దాని వేడి తొడలకు తెలుసు, దాని చప్పుడు నిద్రలోనూ తెలుసు. కానీ మూత తీసి చూడడం అదే మొదటిసారి. దుమ్మూ జిడ్డూ కలిసి అంతా తారు పూసినట్టుంది.

"ముందు ఆయిలు ఎంతుందో సూడు" అంది కోమలి.

ఆయిలు కొలిచే కడ్డీని కోమలి చూపిస్తే, ఆమె చెప్పినట్టే స్టెల్లా బయటికి లాగి, తుడిచి, మళ్లీ దించి తీసింది. రెండు గీతల మధ్య ఉండాల్సిన ఆయిలు, కింది గీతను కూడా తాకలేదు. కడ్డీ కొస మాత్రం కాస్త తడిసి ఉంది.

"ఇంత తక్కువ మీదనా మూడు దినాలు మిమ్మల్ని మోసుకొని తిరిగినాను?" అంది స్టెల్లా. "రోడ్డు మధ్యలో ఇంజను పట్టేసి ఆగిపోయుంటే?"

"పట్టెయ్యలేదు గదా. ముందు ఆయిలు పోద్దాం."

దయానంద్ పరుగున పోయి ఆయిలు డబ్బా తెచ్చినాడు. పై గీతదాకా పోసి, డీజిలుతో తడిపిన గుడ్డతో ఇంజను పైభాగమంతా తుడిచినారు. మూడు గుడ్డలు నల్లబడ్డాక లోహం రంగు బయటపడింది. బాగా ఆరినాక కోమలి పౌడరు డబ్బా తెరిచి, అతుకులున్న ప్రతిచోటా చిలకరించింది. ఇంజను ఉగాదికి సున్నం కొట్టిన గోడలా తయారయింది. దయానంద్ నవ్వాపుకోలేకపోయినాడు.

ఇంజను స్టార్టు చేసి, ఇరవై నిమిషాలు అట్లాగే ఆడనిచ్చినారు. తర్వాత ఆపి, సెల్‌ఫోను లైటు వేసి, కోమలి అద్దాన్ని ఇంజను వెనకవైపుకు వంచి పట్టుకుంది. అటువైపు కన్ను పోదు, చెయ్యి కూడా కష్టం మీదే పోతుంది.

"ఇదో, సూడు."

స్టెల్లా అద్దంలోకి చూసింది. తెల్లటి పౌడరు మీద ఒక సన్నటి నల్లగీత. అన్నింటికంటే పైనున్న మూత, ట్యాపెట్ కవరు, దాని అంచు కింద పుట్టి, ఇంజను వెనక గోడ మీదుగా జారి, సరిగ్గా గేరుబాక్సు అతుకు దాకా దిగింది. ధనశేఖర్ వేలు పెట్టి చూపించిన చోటికే. అక్కడ మాత్రం పౌడరు అతుకు చుట్టూ పొడిగానే ఉంది, పైనుంచి దిగిన ఆ ఒక్క గీత తప్ప.

కారేది ఒక చోట, కనిపించేది ఇంకో చోట! ఆ మూత కింద ఉండే రబ్బరు ప్యాకింగు కోసమా ఇంజను మొత్తం దించాలన్నది?

"పాతబడి ఎండిపోయుంటాది" అంది కోమలి. "కొత్తది ఎయ్యాల. బోల్టులు బిగిస్తే సరిపోతాదని బిగించబాకు."

కానీ కోమలి వెళ్లిపోయినాక స్టెల్లా చేతులు ఊరుకోలేదు. పానా తీసుకుని ఆ మూత బోల్టులను తన బలమంతా పెట్టి బిగించింది. బండి కింద అట్టముక్క పరిచి, ఇంట్లోకి పోయి పడుకుంది. సోమవారం పొద్దున చూస్తే అట్ట మీద చుక్క కూడా లేదు. ఇంత తేలికా అని పొంగిపోయింది. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆ మూత దగ్గర ఆయిలు ఉండదనీ, అది తిరుగుతున్నప్పుడే పైకి ఎగజిమ్ముతుందనీ ఆమెకు అప్పటికి తెలియదు.

పల్లె దాటి ఐదారు కిలోమీటర్లు పోయినారో లేదో, సీటు పక్కనుంచి తెల్లటి పొగ లేచింది.

"పొగ! పొగ!" నాగవేణి కేక పెట్టింది. స్టెల్లా బండిని పక్కకు తీసి ఆపేలోపే ఆడవాళ్లు తలుపు లాగి దూకినంత పని చేశారు. స్టెల్లా కూడా కిందికి దూకింది. ఒక్కొక్కరి పేరు గట్టిగా పిలిచి లెక్కపెట్టుకుంది. తొమ్మిదిమందీ రోడ్డు పక్కన ఉన్నారు.

మంట రాలేదు. పొగ తగ్గినాక, సీటు లేపి, నిన్న బండిలోనే వదిలిన అద్దం పెట్టి చూసింది కోమలి. ఎండి గట్టిపడిన ప్యాకింగు, బిగింపుకు చిట్లి, ముక్క బయటికి వచ్చింది. అక్కడినుంచి ఆయిలు ధారగా దిగి సైలెన్సరు గొట్టం మీద పడి మాడింది.

"బిగించినావా?"

స్టెల్లా తల దించుకుంది. "బిగించినానక్కా."

కోమలి రోడ్డు మీదికి పోయి ఆటోలు ఆపింది. ఆడవాళ్లను రెండు ఆటోలు ఎక్కించి, తనూ ఎక్కి పోయింది. ఏడేళ్లలో మొదటిసారి వాళ్లకు గేటు దగ్గర ఆలస్యమయింది. స్టెల్లా ఇంజను చల్లబడేదాకా ఎండలో కూర్చుని, మిగిలిన ఆయిలు పోసి, ఆగుతూ ఆగుతూ ధనశేఖర్ షెడ్డుకు చేరింది.

"ఇంజను దించుదామని తెచ్చినావా?" అన్నాడాయన.

"దించబాకన్నా. సీటు ఎత్తు. ఈ అద్దంలో సూడు."

ఆయన ముఖం ముడుచుకుంది. ఇరవై ఏళ్లుగా మెకానిక్కు పని చేస్తున్నవాడికి ఎవరో అద్దం ఇచ్చి చూడమంటే ఎట్లా ఉంటుంది? అయినా సీటు ఎత్తినాడు. అద్దం తిప్పి, లైటు వేసి, చాలాసేపు చూసినాడు. లేచినప్పుడు ఆయన ముఖంలో రంగు మారిపోయింది.

"నేను కింద పడుకొని సూసినా" అన్నాడు మెల్లగా. "కింద తడి కనపడినాది, సీలే అనుకున్నా. పైన సూడలా స్టెల్లమ్మా. ఇంజను దించి, సీలు మార్చి, మళ్లీ ఎక్కించుంటే... అప్పుడు కూడా కారేది." తన మాటకు తానే బెదిరినట్టు ఆగిపోయినాడు. "ఇంతకు ముందు ఎన్ని బండ్లు ఇట్ట దించినానో."

స్టెల్లాకు కోపం రావాల్సింది. కానీ "ఆ ప్యాకింగు మార్చన్నా" అని మాత్రం అంది.

సూళ్లూరుపేటనుంచి కొత్త ప్యాకింగు తెప్పించినాడు. ఇంటిల్లిపాదీ ఒక పూట హోటల్లో టిఫిను తింటే అయ్యేంత కూడా కాలేదు దాని ఖరీదు. మూత తీసి, రెండువైపులా అంటుకున్న పాత రబ్బరును గీకి, తుడిచి, కొత్తది కూర్చోబెట్టినాడు. బోల్టులు బిగించేటప్పుడు స్టెల్లాను దగ్గరికి పిలిచినాడు.

"ఈడ కొంచెం, ఎదురుగా ఆడ కొంచెం. మళ్లీ ఈడ కొంచెం. ఒకేపక్క బలం పెడితే మూత వంగిపోతాది. మణికట్టు సాలు, భుజం వద్దు."

మళ్లీ తుడిచి, మళ్లీ పౌడరు చల్లి, ఆరంబాకం దాకా పోయి వచ్చినారు. అద్దంలో పౌడరు తెల్లగానే ఉంది. ధనశేఖర్ పని కూలి తీసుకోనన్నాడు. స్టెల్లా ఒప్పుకోలేదు. ప్యాకింగు డబ్బులతో కలిపి ఆయన చేతిలో పెట్టి, ఐదు గంటలకల్లా ఫ్యాక్టరీ గేటు ముందుకు చేరింది.

షిఫ్టు విడిచి బయటికొచ్చిన ఆడవాళ్లు వ్యాను చూసి నిలబడిపోయినారు. పది రోజులు ఆటోలే గతి అనుకుంటున్నారు వాళ్లు. నాగవేణి దగ్గరికొచ్చి సీటును తట్టి చూసింది, నిజంగా ఆ బండేనా అన్నట్టు.

ఆ సాయంత్రం స్టెల్లా కోమలిని ముందుసీటులో కూర్చోబెట్టుకుంది.

"అక్కా, నీకు ఇదంతా ఎట్ట తెలుసు?"

"నా పనే అది గదా" అంది కోమలి, ఇందులో అడిగేదేముందన్నట్టు. "బండ్లకు ఏసే సామాన్లు మా కాడికి వస్తాయి. గాలి కొట్టి, సబ్బునీళ్లలో ముంచి, బుడగ యాడ లేస్తాదో సూడాల. పదకొండేండ్లుగా అదే సూస్తా ఉండా."

కోమలి ఏ మలుపులో ఎక్కుతుందో, ఏ ఇంటి ముందు దిగుతుందో, ఏ రోజు క్యారియరు తేవడం మరిచిపోయిందో అన్నీ స్టెల్లాకు తెలుసు. ఐదేళ్లుగా వెనక మూలన కూర్చున్న ఆ మనిషి చేతులు రోజంతా ఏం చేస్తాయో మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

"ఇంట్లో అందురికీ తెలుసా అక్కా, నువ్వు చేసే పని?"

"యాడ? ఫ్యాక్టరీకి పోతానని తెలుసు" అని కోమలి కిటికీ వైపు తిరిగింది. "నువ్వే ఫస్టు అడిగింది."