చూసి వచ్చిన డాక్టరమ్మ

ఖరగ్‌పూర్‌లో పసిపిల్లల డాక్టరు దోర్కా. అప్పుడే పుట్టిన పిల్లల గుండె జబ్బులు ఎలా చూస్తారో తెలుసుకుందామని కొద్దిరోజులు కలకత్తా వెళ్లింది. అక్కడ బయటి డాక్టర్లను చూడనిస్తారే గాని, ముట్టుకోనివ్వరు. చేతులు వెనక్కి కట్టుకుని, మునివేళ్ల మీద లేచి, పెద్ద డాక్టర్ల భుజాల మీదుగా చూసేది. తిరిగొచ్చాక కూడా పసిబిడ్డ దగ్గర నిలబడితే ఆమె చేతులు వాటంతటవే వెనక్కి పోయేవి. నర్సులు నవ్వుకునేవారు.

ఒక మధ్యాహ్నం ఊళ్లోని తాల్‌బగీచా పేట నుంచి అప్పలనర్సమ్మ నాలుగు రోజుల మనవణ్ణి ఎత్తుకొచ్చింది. బిడ్డ పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఆక్సిజన్ పెట్టినా ఆ రంగు మారలేదు. గుండె దగ్గర మూసుకుపోకూడని రక్తనాళం మూసుకుపోతోందని దోర్కా పోల్చుకుంది. దాన్ని తెరిచి ఉంచే మందు కలకత్తాలో చూసింది. ఈ ఊళ్లో ఎంత వెతికించినా దొరకలేదు. బిడ్డను కలకత్తా తీసుకెళ్లే అంబులెన్సులో తనే ఎక్కింది. బిడ్డ మూతికి గాలి బ్యాగు ఆనించి నొక్కుతూ, జబ్బు సంగతి అప్పలనర్సమ్మకు చెబుతూ, మధ్యమధ్య "దాదా, జల్దీ" అని డ్రైవర్ని బతిమాలుతూ కూర్చుంది. సగం దారిలోని కోలాఘాట్ రాకముందే బిడ్డ గుండె ఆగిపోయింది.

"తెలిసి కూడా ఏటీ చెయ్యలేకపోయినాను, మామ్మా," అంది దోర్కా.

అప్పలనర్సమ్మ బిడ్డ ముఖం మీద కొంగు కప్పింది.

"ఏటయిందో సెప్పినావు కదమ్మా. ఈడికి ముందు పోయిన మనవడప్పుడు అదీ సెప్పలేదు ఎవులూ."